వెనకబడిన పది నిమిషాలు

మైపాడుకు ఇవతల, రొయ్యల గుంటల గట్టు మీద ఒక రేకుల గది. అందులో ఒక కంప్యూటరు, నేను. నేను బియస్సీ చదివిన రోజుల్లో హాస్టలు గడియారానికి వార్డెనే కీ ఇచ్చేవాడు. ఆయన ఊరెళితే మాకు కాలమే ఆగేది. సరే, ఆ సంగతి వేరు. ఇక్కడ గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లను నడిపేది ఒక వర్చువల్ మెషీను, అంటే కంప్యూటరు లోపలి కంప్యూటరు. దానికి సొంత గడియారం లేదు. బయటిది దాన్ని కాసేపు ఆపితే, ఆ కాసేపు గడిచిందని దానికి తెలియదు. టైము వెనకబడిపోతుంది.

రోజూ మధ్యాహ్నం పన్నెండు నుంచి అరగంట ఏరియేటర్లు ఆగుతాయి. ఆగగానే ఒక మనిషి దిగి రెక్కలకు చుట్టుకున్న నాచు తీస్తాడు. మెయిన్ స్విచ్చి తీసి దిగాలి. ఎవరూ తీయరు. నేనూ అడగలేదు.

నిరుడు ఒకరోజు టైము పది నిమిషాలు వెనకబడింది. ఏరియేటర్లు పన్నెండూ పదికి ఆగాయి. అక్కడి నుంచి అరగంట ఉందనుకుని జకరయ్య దిగాడు. పన్నెండున్నర దాటాక నేను చూసి, టైము సరిచేశాను. మెషీను లెక్కలో అరగంట అయిపోయింది, ఆ క్షణమే రెక్కలు తిరిగాయి...

చెప్పినా వినక ఆలస్యంగా దిగి ప్రాణం పోగొట్టుకున్నాడని అందరితో అన్నాను.

మొన్న మళ్ళీ సరిగ్గా పది నిమిషాలు. ఈసారి గుంటలో ఉన్నది జకరయ్య తమ్ముడు దావీదు. పన్నెండున్నర దాటింది. నేను మౌసు ముట్టలేదు. ఎండకు రేకులు చిటపటమంటున్నాయి. కుళ్ళిన రొయ్యల వాసన. గుంటల వైపు నుంచి కాదు... నా వెనక నుంచి.

తెర మీద బాణం గుర్తు కదిలింది. టైము సరిచేసే బటను వైపు. మెల్లగా.

దావీదు ఫోను తలగుడ్డలో దోపుకునే దిగుతాడు. చేశాను.

"పైకి రారా!"

"ఇంకా పది నిమిషాలుంది గదా సార్. రోజూ దిగు దిగు అని తిట్టేది మీరే, ఇయ్యాల రమ్మనేదీ మీరే." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "సార్... అన్న పక్కనే నిలబడున్నాడు."

పరుగెత్తాను. మెయిన్ లాగేశాను.

గుంట దగ్గరికి వెళ్ళేసరికి దావీదు గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నాడురా?"

"నన్ను ఎక్కమన్నాడు." నా కళ్ళలోకి చూశాడు. "మిమ్మల్ని దిగమన్నాడు."

"ఎందుకు?"

"మీకే తెలుసంట."

కాళ్ళకు చల్లగా తగిలితే కిందికి చూసుకున్నాను. మోకాళ్ళ దాకా నీళ్ళు. నా చెప్పులు గట్టు మీద పక్కపక్కన ఉన్నాయి... విప్పినట్టు నాకు గుర్తు లేదు.