డాక్టరుకి చెప్పని మంట

పొద్దున్నే బూట్ల లేసుల దగ్గరే ఆ ఇంట్లో గొడవ మొదలైంది. లిఫ్టులు బాగుచేసే ఆ మనిషి వంగలేక మంచం అంచున కూర్చుంటే, భార్య నేల మీద కూర్చుని ముడి వేస్తోంది. చిన్నప్పుడు పుల్లలా ఉండేవాడని తల్లి అతన్ని ‘బక్కోడు’ అని పిలిచేది. ఒళ్ళు మూడింతలైనా ఆ పిలుపు మారలేదు.

“గురువారం ఖాళీ ఉందట. ఆయన దగ్గరే ఆపరేషన్ చేయించేసుకుంటా,” అన్నాడు.

ఆయనంటే నవ్వుల డాక్టరు. ఒళ్ళు తగ్గడానికి కడుపు సంచిని చాలావరకు కోసి తీసేస్తాననీ, రెండ్రోజుల్లో ఇంటికి పంపేస్తాననీ నవ్వుతూ తేల్చేశాడు. అంతకుముందు చూసిన పెద్ద డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఛాతీలో మంట ఉంటే సంచి కోత పనికిరాకపోవచ్చనీ, పేగును మళ్ళించాల్సి రావచ్చనీ చెప్పింది. పేగు మాట వినగానే అతనికి చెమటలు పట్టాయి. ఆ తర్వాత ఆవిడ పేరెత్తనిస్తే ఒట్టు!

“తక్కువ కోతతో పోతుంటే పోనీయమ్మాయ్,” అంది అత్తగారు.

భార్య లేసు వదిలేసి లేచింది.

“మంట ఉందా అని ఇద్దరు డాక్టర్లూ అడిగారు. ఇద్దరికీ లేదన్నారు. అత్తయ్య తలూపారు. నేనూ నోరు మూసుకు కూర్చున్నాను, నా బుద్ధి మండా!”

ఆ ఇంటి తీరే అంత. డాక్టరు ముందు కూర్చోగానే అందరికీ ఎక్కడలేని ఆరోగ్యం వచ్చేస్తుంది. నొప్పి ఉందంటే ఇంకేం బయటపెడతారోనని తల్లికి హడలు. చిన్నప్పుడు జ్వరంతో ఇతని ఒళ్ళు కాలిపోతున్నా “వాడికేం, రాయిలా ఉన్నాడు” అనేది. కొడుక్కి అదే అలవాటైంది. కోడలికీ అంటుకుంది.

“లిఫ్టులో చప్పుడొస్తున్నా దాచిపెట్టాడని మొన్న ఆ అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని ఎన్ని తిట్లు తిట్టారు? మరి మీరు చేస్తున్నదేంటి?”

“నోర్ముయ్!” అని అరిచాడు. ఆ అరుపుకే ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాడు. కాసేపటికి గొంతు దిగిపోయింది. “మంట ఉందంటే పేగు కోస్తారే. అంత పెద్ద ఆపరేషన్‌లో మత్తులోంచి లేవకపోతే? నాకు భయంగా ఉందే.”

పెళ్ళయ్యాక ఆ మాట అతని నోట వినడం ఆమెకదే మొదటిసారి. బావురుమంది.

“నాకు మాత్రం లేదా? మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి తలుపేస్తారని తలచుకుంటేనే కాళ్ళూ చేతులూ చల్లబడుతున్నాయి. ఎవరు చేసినా భయమే. ఆ కోసేవాళ్ళకైనా నిజం తెలియాలి కదండీ!”

సాయంత్రం ముగ్గురూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదటినుంచీ అడిగింది.

“మంట ఉంది మేడమ్, రోజూ,” అన్నాడు తల దించుకుని.

“నిద్ర?”

“నిద్రకేం, బాగానే...”

“బాగా లేదమ్మా,” అంది తల్లి. “నిద్రలో వాడి ఊపిరి ఆగిపోతుంది. గురక ఆగితే చాలు, నేను లేచెళ్ళి వాడి గది తలుపు దగ్గర నిలబడతాను. మళ్ళీ వినపడేదాకా కదలను. చెబితే మీరు ఆపరేషన్ చెయ్యనంటారని దాచాను తల్లీ.”

కోడలు తెల్లబోయి అత్తగారి వైపు చూసింది. తలుపుకి లోపలివైపు తానూ అలాగే అతని ఛాతీ మీద చెయ్యి వేసి, ఆ గురక కోసమే మేలుకుని ఉండేది.

“ఇది తెలియకుండా మత్తిస్తే ప్రాణం మీదకొచ్చేది,” అంది డాక్టరమ్మ. “ముందు నోట్లోంచి గొట్టం వేసి కడుపు చూస్తాను. నిద్ర పరీక్ష కూడా చేయిద్దాం. ఏ ఆపరేషనో ఆ తర్వాతే. పేగు మళ్ళించేదే కావచ్చు.”

“మీరే చేస్తారా మేడమ్?”

“నేనే.”

అతనికి భయం తగ్గలేదు. అయినా సరేనన్నాడు. బయట వరండాలో నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

“అంటే... మీరిద్దరూ నిద్రపోవట్లేదా?”

వాళ్ళ ఉబ్బిన కళ్ళ వైపు చూసి, అక్కడే బెంచీ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.