వంతు అడిగే ఊరు

నూకరత్నం మధ్యాహ్నం మూడు గంటల కొలతలు చదివింది. సముద్రపు గాలిమరలు నూట పది మెగావాట్లు, మేడల మీది సౌరపలకలు రెండు వందల నలభై, ఉప్పు బ్యాటరీల నిల్వ అరవై. బయట ఎండ యాభై డిగ్రీలు దాటింది. ఇరవై ఆరేళ్ళుగా కాకినాడ కరెంటును ఆమె ఈ కుర్చీలో కూర్చునే పంచింది. ఈరోజు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడాలి. పంచేది తూకరి, కంపెనీ వాళ్ళు తెచ్చిపెట్టిన యంత్రం.

సాయంత్రం ఆరు దాకా మనిషి ప్రమేయం లేకుండా తూకరి ఊరిని నడిపితే, నగరసభ తన తీగలన్నిటినీ కంపెనీకి అప్పగిస్తుంది. కలగజేసుకున్న ఉద్యోగికి అదే ఆఖరి రోజు. ఆ షరతు మీద నూకరత్నం చేత సంతకం కూడా పెట్టించారు. పక్క కుర్చీలో కంపెనీ ఇంజనీరు శ్రీహర్ష కాపలా ఉన్నాడు.

మూడూ పదికి గాలి పడిపోయింది. తూకరి రెప్పపాటులో తేల్చేసింది. తక్కువ రేటు కట్టే ఉప్పుటేరు వాడకు ముప్పావుగంట కోత. మూడూ పదహారుకి మొదలు.

"అక్కడ చలువశాలుంది బాబూ. పసిపిల్లలూ ముసలోళ్ళూ రెండొందల మంది ఉంటారు లోపల."

"తూకరికి తెలుసండీ. ప్రాణాపాయం తక్కువని లెక్క వేసింది."

"తక్కువంటే ఎంతమందేంటి?"

శ్రీహర్ష తెర వైపు తిరిగాడు.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. సొరుగులోంచి పాత ఫోను తీసింది. ఈ ఊళ్ళో ఒక అలవాటుంది. పెద్ద తుఫానుకు స్తంభాలన్నీ కూలి, ఒక్క తీగతో ఊరంతా నెట్టుకొచ్చిన ఏడాదిలో మొదలైంది. కరెంటు చాలకపోతే ఎవరిదీ కోయరు, అడుగుతారు. అందుకే, తమ వాడలో కాసేపు ఆపించి ఆ వంతు కరెంటును అవసరమైన వాడకు ఇప్పించడానికి, వాడకో వంతుమనిషి ఉంటారు. తూకరి ఎంత తెలివైనదైనా, పాపం, అడగడం మాత్రం దానికి నేర్పలేదు. మొదట పెద్ద మేడల వైపు వంతుమనిషికి ఫోను చేసింది.

"గంగాధరం గారూ, నూకరత్నాన్నండి. వంతు కావాలండి, ఉప్పుటేరు వాడ చలువశాలకి."

"ఆయ్. ఎంతసేపండి?"

"ముప్పావుగంటండి."

"మా పదహారంతస్తులూ ఆపేత్తాం. కాసేపు మెట్ల మీద కూచుంటే ఏవైపోతాం? మీరు పక్క వాడోళ్ళకి చెయ్యండి, ముందు."

అయిదు నిమిషాల్లో ఏడు ఫోన్లు. బదులుగా ఏమిస్తారని ఒక్కరూ అడగలేదు. ఊరి పటం మీద ఒక్కొక్క వాడే తన దీపాన్ని తనే తగ్గించుకుంటుంటే నూకరత్నానికి కళ్ళు చెమర్చాయి. ఎలాంటి ఊరిది! తూకరి కోతను రద్దు చేసుకుంది. ఉప్పుటేరు వాడలో పంకా ఒక్కటీ ఆగలేదు.

ఆరింటికి శ్రీహర్ష నివేదిక ఆమె ముందు పెట్టాడు. తూకరి నెగ్గినట్టే ఉంది అందులో. ఒక్క గడిలో మాత్రం ఇలా ఉంది: "3.16. వాడకం హఠాత్తుగా తగ్గింది. కారణం: తెలియదు."

"మీరు యంత్రాన్ని ముట్టుకోలేదు. ఫోను నేను వినలేదు," అన్నాడతను గొంతు తగ్గించి. "సంతకం పెట్టేయండి. మీ కుర్చీ మీకే ఉంటుంది."

ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. దాని చేతులు ఆమె మోచేతుల కిందే అరిగాయి. కాసేపు వాటిని నిమురుతూ కూర్చుంది.

తర్వాత కలం తీసుకుని 'తెలియదు' కొట్టేసింది. పక్కన గుండ్రటి అక్షరాలతో "అడిగాను. ఇచ్చారు" అని రాసి, సంతకం పెట్టి, కుర్చీని బల్ల కిందికి నెట్టింది.