మైసయ్య రాసిన వార్తలు

మా వార్తల సైటు ఆఫీసు అచ్చంపేటలో ఎరువుల దుకాణం పైన ఉంది. ఒక్కటే గది, పైన రేకులు. ఊళ్ల నుంచి విలేకరులు పంపే వార్తల్లో తప్పులు దిద్ది, ఫొటో జోడించి సైటులోకి ఎక్కించడం నా పని. నా పేరు రూప. వాళ్లందరికీ నేను రూపక్కను.

పోయిన వానాకాలం సంగతి. ఆ సాయంత్రం నేనొక్కదాన్నే ఉన్నాను. సైటు నడిపే ప్రేమ్‌సాగర్ అన్న ప్రకటనల పని మీద కొత్తకోటకు వెళ్లాడు. పొద్దుగూకే వేళకు ఫోన్ చేశాడు.

"రూపా, మన సైట్ల 'మా విలేకరులు' పేజీ చూసినవా? పేర్లేమో బారెడున్నయి, సగం మంది ఒక్క ముక్క రాయలే. ప్రకటన ఇచ్చెటాయన చూసి నవ్విండు. ఒక్క వార్తన్న రాసినోళ్లనే ఉంచు. తతిమ్మోళ్లను తీసెయ్."

"సరే అన్నా. వాన మొగులు పట్టింది, జర జల్ది రా."

పెద్ద పనేం కాదు. ఎవరు ఎన్ని పోస్టులు రాశారో సైటు తనే లెక్క పెట్టుకుంటుంది. లెక్క సున్నా ఉన్నవాళ్లను వదిలేసి మిగతావాళ్లనే చూపించమని ఒక షరతు రాస్తే చాలు. రాశాను. పేజీ మళ్లీ తెరిచాను. బారెడు జాబితా జానెడైంది. కమలాకర్, దామోదర్, మనీష... అందరూ రోజూ రాసేవాళ్లే.

అందరికంటే కింద, మైసయ్య.

మౌస్ మీద నా చెయ్యి ఆగిపోయింది.

మైసయ్య అడవి అంచున ఉన్న ఊరివాడు. రెండెకరాల పత్తి చేను, పాత మోటారు బండి. విలేకరి కావాలని తెగ ఉబలాటం. సైటులో పేరు చేర్చిన రోజు మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు. "అక్కా, నా మొదటి వార్త మా ఊరి వాగు మీదనే. బ్రిడ్జి లేక ఎంత గోస పడుతున్నమో రాస్త" అన్నాడు. అది రాయకముందే, అంతకు ముందటేటి వానల్లో, అదే వాగు దాటుతూ బండితో సహా కొట్టుకుపోయాడు. నేనూ అన్నా చావుకు వెళ్లొచ్చాం. అతని భార్య అండాలు ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అతను ఒక్క వార్త కూడా రాయలేదు. అతని లెక్క సున్నా ఉండాలి.

ఒకటి ఉంది.

షరతు తప్పు రాశానేమో అనుకుని మళ్లీ చూశాను. సరిగ్గానే ఉంది. ఇంకెవరి వార్తయినా పొరపాటున అతని పేరు మీద పడిందేమోనని ఆ పోస్టు తెరిచాను. ఒక్కటే వాక్యం. 'అచ్చంపేటలో వాన మొదలైంది.'

కిటికీలోంచి చూశాను. రోడ్డు పొడిగా ఉంది. బండి మీద మిర్చీలు వేసే ఆమె నింపాదిగా పిండి కలుపుతోంది.

టప్... రేకు మీద ఒక చినుకు. ఇంకొకటి. క్షణంలో రేకులు హోరెత్తాయి.

అతని ఫోను ఎవరికైనా దొరికి ఆటలాడుతున్నారనుకున్నాను. కోపం వచ్చింది. వెంటనే అతని పాస్‌వర్డ్ మార్చేశాను. ఇక ఎవరూ లోపలికి రాలేరు. పేజీ మళ్లీ తెరిచాను.

మైసయ్య. రెండు.

'కరెంటు పోయింది.'

తలెత్తాను. ఫ్యాన్ తిరుగుతోంది. బల్బు వెలుగుతోంది. అమ్మయ్య అనుకునేలోపు ఫ్యాన్ మెల్లగా... ఇంకా మెల్లగా... ఆగింది. గదిలో లాప్‌టాప్ వెలుగు ఒక్కటే మిగిలింది. ఎరువుల ఘాటులోంచి మరో వాసన లేచింది. ఒండ్రుమట్టి. కుళ్లిన ఆకు. వాగు వాసన.

లేచి వెళ్లిపోబోయాను. నేనేమీ నొక్కలేదు. పేజీ దానంతట అదే కదిలింది.

మైసయ్య. మూడు.

'కొత్తకోట దగ్గర కారును ఢీకొన్న లారీ. ఒకరు మృతి.'

వెంటనే అన్నకు ఫోన్ చేశాను. ఎంతసేపటికో ఎత్తాడు.

"అన్నా, ఏడున్నవ్?"

"ఇప్పుడే కొత్తకోట దాటిన. ఏమైంది, గట్ల రొప్పుతున్నవ్?"

"కారు పక్కకు ఆపి దిగు."

"ఎందుకు?"

"నీ కాళ్లు మొక్కుత అన్నా, దిగు!"

కారు ఆగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ లేదు. అతని ఊపిరి ఒక్కటే. కాసేపటికి గుసగుసగా అన్నాడు.

"రూపా... ఎనక సీట్ల ఎవలో ఉన్నరు."

"ఎవలన్నా?"

"ఎనకకు తిరగాల్నంటే భయమైతాంది... నీళ్లు కారుతున్న చప్పుడు..."

"చూడకు. దిగు. ఉరుకు!"

డోరు తెరుచుకుంది. పరుగు. ఆ వెంటనే చెవులు పగిలే చప్పుడు. ఇనుము, అద్దాలు... తర్వాత ఎక్కడో జనం కేకలు.

"అన్నా! అన్నా!"

"ఉన్న..." అన్నాడు చాలాసేపటికి. ఏడుస్తున్నాడు. "బతికే ఉన్న. కారు నుజ్జునుజ్జయింది."

లారీ డ్రైవర్‌కు కూడా చిన్న గాయాలే. ఎవరూ చనిపోలేదు. కానీ రోడ్డు పక్క హోటలువాళ్లు గుమిగూడి, వెనక సీట్లో మనిషిని కళ్లారా చూశామని, లోపలే ఇరుక్కుని ఉంటాడని గడ్డపారలు తెచ్చి డోర్లు పెకిలించారట. లోపల ఎవరూ లేరు. వెనక సీటు మాత్రం తడిసి ముద్దయి ఉంది. కొత్తకోటలో ఆ రోజు చినుకు పడలేదు.

మర్నాడు అన్న, నేను కలిసి ఆఫీసు తలుపు తీశాం. అద్దం ముక్క తగిలిన అతని తలకు కట్టు ఉంది. కుర్చీలో కూర్చుంటూ అడిగాడు.

"మైసయ్య నన్ను కాపాడిండంటవా, రూపా?"

"కాపాడినట్టే గదన్నా" అన్నాను. నేనూ అదే నమ్మాలనుకున్నాను.

"అయితే ఆయన పేరు తియ్యకు. ఉండనీ."

సైటు తెరిచాను. మైసయ్య లెక్క మూడే ఉంది. ఒకటి, రెండు వార్తలు అలాగే ఉన్నాయి. మూడోదాంట్లో 'కొత్తకోట' అన్న మాట లేదు. ఊరి పేరుండాల్సిన ఆ జాగా ఖాళీగా ఉంది. మిగతాదంతా ఉంది. కారు, లారీ, 'ఒకరు మృతి'.

అన్న నా భుజం మీదుగా వంగి చదివాడు. ఆ పోస్టు తీసేద్దామని నొక్కాను. పోలేదు. మళ్లీ నొక్కాను. పోలేదు. పేజీ మాత్రం ఒకసారి మినుకుమని మళ్లీ తెరుచుకుంది.

ఖాళీ జాగాలో ఇంకో ఊరి పేరుకు మొదటి అక్షరం పడి ఉంది.

'అ'.