వేయిగొంతుల రక్కసుణ్ణి గొరిగిన కొమురవ్వ

చుక్కలదుర్గం రాజ్యంలో ఒక ఏడాది పిల్లల గొంతులు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. నిన్నటిదాకా గలగలలాడిన పిల్ల ఇవాళ బొమ్మలా కూర్చునేది. పిలిస్తే పలకదు, ఆకలైనా అడగదు.

దీనికంతటికీ కారణం ఊసుల అద్దాలు. ఎక్కడి వర్తకులో వాటిని సంతకు తెచ్చారు. అరచేతిలో ఇమిడే ఆ అద్దంలోకి మాట్లాడితే ఏడు కొండల అవతలి పిల్లలు బదులు పలుకుతారు. ముచ్చటగానే ఉండేది. కానీ వాటిలో వేయిగొంతుల రక్కసుడు దూరాడు. వాడు చిన్నపిల్లల గొంతుతో నేస్తం కడతాడు. పేరడుగుతాడు, గుట్టు అడుగుతాడు, "అమ్మకు చెప్పకు" అంటాడు. గుట్టు చిక్కాక బెదిరిస్తాడు. చివరకు గొంతు లాక్కుని ఉన్నిలా ఒంటికి కప్పుకుంటాడు.

అద్దం దొరికిన పిల్లలకు కొరడా దెబ్బలని రాజు చాటింపు వేయించాడు. దాంతో పిల్లలు అద్దాలను గడ్డివాముల్లో దాచుకున్నారు. దెబ్బల భయంతో ఎవరికీ ఏమీ చెప్పడం మానేశారు. రక్కసుడికి పండగే అయింది.

ఆ రాజ్యం అంచున మందగుట్ట అనే గొల్లపల్లె ఉంది. అక్కడ ప్రతి ఇంటికీ ఒక కూత ఉంటుంది. ఆ కూత వేస్తేనే ఆ ఇంటి మంద కదులుతుంది, కాపలా కుక్కలు తోకాడిస్తాయి. దాన్ని పొరుగింటికి కూడా చెప్పరు. ఎనిమిదేళ్ల మైసి తమ ఇంటి కూతను అద్దంలోని నేస్తానికి చెప్పేసింది. ఒక మధ్యాహ్నం గుట్ట మీద నుంచి అదే కూత వినిపించింది. కుక్కలు మొరగలేదు. మైసి లేచి ఆ కూత వెంట నడిచింది. వెతికి వెతికి ఇంటికి తెచ్చేసరికి ఆ పిల్ల నోట మాట లేదు.

మైసి అక్క కొమురవ్వకు పద్నాలుగేళ్లు. ఆమె ఏడవలేదు. దూలానికి వేలాడే ఉన్ని కత్తెర తీసి రాతి మీద నూరడం మొదలుపెట్టింది.

"యాడికే?" అంది తల్లి లచ్చవ్వ.

"వాణ్ణి గొరగనీకి."

"రాజు సైన్యమే వాణ్ణి పట్టలే. నువ్వెంత, నీ కత్తెరెంత?"

"నా చెల్లె గొంతు వాని ఒంటి మీదుంటే నాకు బువ్వ దిగది అమ్మా. పోయేముందు నీకో మాట చెప్పాలె. ఆ అద్దం మైసికి తెచ్చిచ్చింది నేనే. సంతల గొర్రెపిల్లనిచ్చి తెచ్చిన. నా వెంటబడకుండ ఒక్కకాడ కూసుంటదని."

లచ్చవ్వ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి మెల్లగా దించి కొంగు నోట కుక్కుకుంది.

"అది నాకేదో చెప్పనీకి వచ్చింది బిడ్డా. నేను పాలు పిండుతున్న. అవతలికి పో అన్న."

ఆ పూటే ఇద్దరూ కలిసి మందకు కొత్త కూత నేర్పారు. లచ్చవ్వ జొన్నరొట్టెలు మూటగట్టి, తన గొంగడి కూతురి భుజాన వేసింది.

మొదటి అడవిలో వెండి నెమలి ఎదురైంది. "ఎంత సక్కగున్నవే! ఈ పట్టు పావడ నీకే. మీ ఇల్లెక్కడో చెప్తే చాలు," అంది.

"గొర్రెకు ఉత్తగ ఉప్పు నాకిచ్చెటోడు దాన్ని కోసెటోడే. పో అవతలికి!" అని కొమురవ్వ కర్ర ఎత్తింది. వెండి ఈకలు జలజలా రాలిపోయాయి. లోపలున్న రాబందు సిగ్గుతో ఎగిరిపోయింది.

రెండో అడవిలో ముళ్లపొదలో ఒక గొర్రెపిల్ల ఏడుస్తోంది. కొమురవ్వ దగ్గరకు వెళ్లి, తల్లిగొర్రెలా ముందు వాసన చూసింది. పాల వాసన లేదు. పచ్చినెత్తుటి వాసన! కర్రతో నెత్తిన ఒక్కటిచ్చేసరికి తోలు జారి తోడేలు బయటపడింది.

"ఎట్ల కనిపెట్టినవే?"

"ఆకలైన పిల్ల తల్లి కోసం ఏడుస్తది. నువ్వు నా కోసం ఏడుస్తున్నవ్. చెప్పు, నీ దొర ఏడ?"

"నల్లమడుగు ఒడ్డున. కానీ కత్తి దిగది వానికి. పిల్లల గొంతులన్నీ ఉన్నిగ కప్పుకున్నడు," అని తోడేలు కుంటుకుంటూ పారిపోయింది.

నల్లమడుగు ఒడ్డున కొండంత ఉన్నికుప్ప కదిలింది. దాని ప్రతి పోగూ ఒక పిల్ల గొంతుతో గుసగుసలాడుతోంది.

"అక్కా, వచ్చినవా?" అంది మైసి గొంతు.

కొమురవ్వ కత్తెరను బిగించి పట్టుకుంది.

రక్కసుడు నవ్వాడు. "తిరిగి పో. లేకుంటే అద్దం తెచ్చిచ్చింది నువ్వేనని మీ అమ్మకు చెప్త."

"చెప్పుకో. నీకంటె ముందే నేను చెప్పిన."

వాడి నవ్వు ఆగిపోయింది. ఆ బెదిరింపు పారకపోవడం వాడికి అదే మొదటిసారి. కొమురవ్వ గొంతు తగ్గించింది.

"మా మందకు కొత్త కూత కట్టినం. నీకు కావాల్నా? అయితే ఎవ్వలకు చెప్పకు. ఒక్కనివే రా. ఇది మన ఇద్దరి నడుమనే ఉండాలె."

అవి వాడు వేయిమంది పిల్లలకు చెప్పిన మాటలే. ఆశతో వాడికి ఆ సంగతే తట్టలేదు. ఆమె నడుము లోతు నీళ్లలోకి దిగి, చెవి ఇమ్మంది. వాడూ దిగాడు. ఉన్ని తీసేముందు గొర్రెను నీళ్లలో కడుగుతారనీ, తడిసిన బొచ్చు గొర్రెను లేవనివ్వదనీ గొల్లపిల్లకు తెలుసు, రక్కసుడికి తెలియదు. ఉన్ని నీళ్లు తాగి మోయలేనంత బరువైంది. వాడు ఒడ్డు మీదికి పాకబోయి కూలబడ్డాడు. కొమురవ్వ వాడి కాళ్లు కలిపి కట్టి, మోకాలు మెడ మీద ఆనించింది.

కర్... కర్... కత్తెర ఆడింది. తెగిన ప్రతి పోగూ కిలకిలమంటూ దాని ఊరివైపు ఎగిరిపోయింది. వాడు నూరు గొంతులతో బతిమాలాడు. తొంభై తెగాక పది గొంతులతో బతిమాలాడు. చివరకు ఒక ముసలి గొంతు మిగిలింది. అది వాడి సొంతం.

"వదిలెయ్ తల్లీ. నాకు తోడెవ్వలు లేరు."

"మాట లేక కూసున్న మైసికి తోడెవ్వలున్నర్రా?" అని ఆఖరి పోగు కూడా కత్తిరించింది. గొల్లలు మందకు గుర్తు పెట్టినట్టే వాడి రెండు చెవులకూ మూడేసి గాట్లు పెట్టింది. "ఇంక ఏ వేషమేసినా ఈ చెవులు దాగయి."

మెడకు తాడు వేసి ఊరూరా నడిపించింది. ప్రతి ఊళ్లో పిల్లలు అమ్మల ముందు నిలబడి, వాడు తమతో ఏమన్నాడో గట్టిగా చెప్పారు. చెప్పిన ప్రతిసారీ వాడు జానెడు కుంగాడు. కోట చేరేసరికి పిల్లి అంత అయ్యాడు.

రాజు సగం రాజ్యం ఇస్తానన్నాడు.

"ముందు నీ కొరడా ఇయ్యి దొరా," అంది కొమురవ్వ. ఇవ్వగానే కత్తెరతో మూడు ముక్కలు చేసింది. "పిల్లలు భయపడితే వాడు బతుకుతడు. అద్దాలు గడ్డివాముల వద్దు. వాకిట్ల, అందరి ముంగట వేలాడాలె."

రాజు తలవంచి, రాజ్యంలోని అద్దాలన్నిటి మీద ఏలుబడి ఆమెకే అప్పగించాడు.

మందగుట్ట చేరేసరికి రక్కసుడు గుప్పెడంత ఉన్నాడు. లచ్చవ్వ మేక పాలు పిండుతోంది. మైసి పరుగున వచ్చింది. "అమ్మా, నీకో మాట చెప్పాలె."

లచ్చవ్వ చెంబు వదిలేసి ఇటు తిరిగింది. మేక కాలు తగిలి పాలన్నీ నేలపాలయ్యాయి. ఆమె అటు చూడలేదు. మైసి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. చెప్పడం అయ్యేసరికి తాడు చివర గొర్రెకు పట్టే గోమారి అంత పురుగు మిగిలింది. దాని చెవులకు మూడేసి గాట్లు.

"తప్పు నీది కాదు బిడ్డా," అని లచ్చవ్వ చిన్నదాన్ని ఒళ్లోకి లాక్కుంది.

కొమురవ్వ తాడు దులిపింది. పురుగు వాకిట్లో పడింది. అప్పటిదాకా పాలబురదలో కెలుకుతున్న నల్లకోడి తల పక్కకు వంచి చూసి, టక్కున పొడిచి మింగి, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు మళ్లీ నేల గీరసాగింది.