ముంజేతి పోగు

మంద అమ్ముకున్న మనిషి చేతులు ఊరికే ఉండలేవు. ధర్మవరం బస్టాండులో టీ అంగడి బల్ల మీద కూర్చున్న నల్లప్ప, లేని కర్రను పట్టుకున్నట్టు పిడికిలి బిగిస్తూ వదులుతూ, బస్సులు దిగే జనాన్ని చూస్తున్నాడు. పక్కన భార్య యల్లక్క. ఆమె ఒడిలో తల పెట్టుకొని ఎనిమిదేళ్ళ నీలావతి నిద్రపోతోంది.

వానలు వరుసగా మొహం చాటేసిన ఏళ్ళవి. వాళ్ళ ఊరు ముదిగుబ్బ చుట్టూ మెట్టపొలాల్లో గడ్డిపరక మిగలలేదు. తాతలనాటి మందలో మిగిలిన జీవాలను చావకముందే అమ్మేసి, ఆ సొమ్ముతో ఎదిగే ఊళ్ళో ఒక ఇల్లు కొనాలని నల్లప్ప నిశ్చయించాడు.

"గొర్రె మేత అడుగుతాది మే. ఇల్లు అడగదు," అనేవాడు భార్యతో. "ఊరు బలిసే కొద్దీ అదీ బలుస్తాది. మన నీల గొర్రెల ఎనకాల ఎండలో తిరక్కుండా బడికి పోతాది."

యల్లక్క కాదనలేదు. కానీ ఇల్లు తప్పుపడితే తిరిగి పోవడానికి దొడ్డి ఉంది, మంద లేదు. ఆ మాట ఆమె గుండెలో రాయిలా కూర్చుంది.

ఏ ఊరు ఎదుగుతుందో తేల్చుకోవడానికి నల్లప్పకు తెలిసిన దారి ఒక్కటే. పచ్చిక ఎక్కడుందో మందను చూస్తే తెలుస్తుంది. అందుకని ఒక్కో ఊరి బస్టాండులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చొని, ట్రంకుపెట్టెలతో దిగేవాళ్ళనూ, మూటలతో ఎక్కేవాళ్ళనూ గమనించాడు. హిందూపురంలో దిగేవాళ్ళే ఎక్కువ. ఫ్యాక్టరీలు వస్తున్నాయి, బెంగుళూరు దగ్గర. కానీ అక్కడి మధ్యవర్తి ఇతని పంచె అంచు చూసి, "దుడ్లు ఉండాయేమప్పా, ఊరికే ఇండ్లు చూసి పోయేదానికి వస్తివా?" అని నవ్వాడు. పెనుకొండలో దిగినవాళ్ళు కోట వంక తలెత్తి చూసి, సాయంత్రం బస్సుకు వెనుదిరిగారు. ధర్మవరంలో మాత్రం మూటలతో దిగినవాళ్ళు మళ్ళీ కనబడలేదు. పట్టుచీరల గిరాకీ పెరుగుతోంది. మగ్గాల చప్పుడు లేని వీధి లేదు.

"ఇదేలే మన ఊరు," అన్నాడు నల్లప్ప, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

వాళ్ళకు ఇల్లు చూపించినవాడు ఖాదర్‌వలి. తాళాలు బాగుచేయడం అతని వృత్తి. తాళాలు వేసిన ఇళ్ళు చూపించడం పైసంపాదన. నేతవాళ్ళ వీధి చివర రాతి గోడల ఇల్లు. రెండు గదులు, వెనుక చిన్న పెరడు. వీధిలోని ఇళ్ళన్నింటి కంటే దాని వెల తక్కువ.

నల్లప్ప గోడను పొట్టేలు వీపు చరిచినట్టు చరిచాడు. వంగి పునాది తడిమాడు. దూలం మోసే గుంజకు చెవి ఆనించాడు.

"ఏమన్నా, పండ్లు గూడా చూస్తావా దానికి?" అన్నాడు ఖాదర్‌వలి.

"నోరు తెరిస్తే చూస్తునప్పా."

యల్లక్క నవ్వుతూనే లోపలి గదిలోకి తొంగిచూసింది. నేల మధ్యలో నడుములోతు గుంత ఉంది. నేతగాడు గట్టు మీద కూర్చొని కాళ్ళు కిందికి వేలాడేసుకొనే మగ్గం గుంత అది. మగ్గాన్ని విప్పి తీసుకుపోయినట్టున్నారు గానీ, గుంతకు అడ్డంగా రెండు గుంజల నడుమ పడుగు పోగులు గుచ్చిన అచ్చు మాత్రం వేలాడుతోంది. సన్నని పళ్ళ దువ్వెనలాంటి ఆ అచ్చులో ఎర్రటి పట్టుపోగుల కొసలు మూరెడు పొడవున మిగిలి ఉన్నాయి. దుమ్ము పట్టిన గదిలో ఆ ఎరుపు ఒక్కటే మాసిపోలేదు.

"దీన్నెందుకు ఇడిసిపోయినారు?" అని అడిగింది.

"కొడుకులు బెంగుళూరులో మిల్లు పనికి పోయినారక్కా. మగ్గమంటే మొకం తిప్పుకుంటారు. నాయన చంద్రప్ప ఈడనే నేసేది," అని ఖాదర్‌వలి తాళంచెవుల గుత్తి సర్దుకున్నాడు. "నువ్వు ఈ గదిని ఎవరన్నా నేతోనికి బాడుగకిస్తే ఇల్లే నీకు కూడు పెడతాది."

ఆ మాటతో బేరం కుదిరింది.

ఇంట్లో చేరిన రోజు పొద్దున పాలు పొంగించారు. నల్లప్ప సామాన్ల బండి తేవడానికి వెళ్ళబోతూ ఉంటే యల్లక్క అతన్ని ఆపింది.

"బొచ్చు కట్టల్ల కదా."

అది మందలవాళ్ళ ఆచారం. కొత్తగా కొన్న జీవం పాత దొడ్డి దారి మరిచిపోవాలంటే, దాని వీపు మీది బొచ్చు కాస్త కత్తిరించి, పేని, ఇంట్లో చిన్నవాళ్ళ ముంజేతికి కట్టాలి. ఆ చేత్తోనే మొదటి మేత తినిపించాలి. అప్పుడు అది ఆ చేతిదే అవుతుంది. యల్లక్క పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ ఈ ఆచారం తప్పిన కొనుగోలు లేదు.

"ఇంటికి బొచ్చెక్కడిది మే?" అని నల్లప్ప నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఆ ఇంటిలో బొచ్చులాంటిది ఒక్కటే ఉంది. మూటలోంచి గొర్రెల కత్తెర తీసుకొని లోపలి గదికి వెళ్ళింది. అచ్చుకు వేలాడే ఎర్ర పోగుల కొసలను గుప్పెడు పట్టి కత్తిరించింది. పట్టు కత్తెరకు అంత సులభంగా తెగుతుందని ఆమె అనుకోలేదు. పేని, ముడివేసి, నీలావతి కుడి ముంజేతికి కట్టింది. పిల్ల చేత్తో గడప మీద పిడికెడు జొన్నలు పోయించింది.

"ఇల్లు మనదేనా అమ్మా ఇంక?"

"మనదే. నీ చేతిదే."

సాయంత్రానికి పెనుకొండ వైపు మబ్బు కమ్మింది. నల్లప్ప ఇంకా తిరిగి రాలేదు. దీపాలు పెట్టే వేళకు ముందుగా గాలి, దాని వెంట తడిసిన మట్టి వాసన వచ్చాయి. కరెంటు పోయింది. వీధంతా టకటకమనే మగ్గాలు, వెలుగు లేక ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయాయి. మొదట దూరపు ఇళ్ళలో, తరువాత ఎదురింట్లో, ఆఖరున పక్కింట్లో.

యల్లక్క పెరట్లో బట్టలు తీసుకుంటూ ఆ నిశ్శబ్దాన్ని విన్నది. మంద తోడేలు వాసన పట్టినప్పుడు ఇలాగే మెడగంటలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. బట్టలు గుండెకు హత్తుకొని నిలబడిపోయింది.

అప్పుడు ఒక మగ్గం మొదలైంది.

టక్... టక్...

అది ఎదురింటిది కాదు. పక్కింటిది కాదు. ఆ చప్పుడు నేల గుండా వచ్చి ఆమె అరికాళ్ళకు తగులుతోంది.

"నీలా!"

పలుకు లేదు. ముందుగదిలో చాప ఖాళీగా ఉంది. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని సందులోంచి పట్టుబంక వాసన, గంజి వాసన, వాటి వెనుక చాలాకాలం మూసిన మట్టి వాసన చల్లగా వస్తున్నాయి. అగ్గిపుల్ల గీసింది. గాలికి ఆరిపోయింది. రెండోది గీసి, అరచెయ్యి అడ్డం పెట్టి తలుపు తోసింది.

నీలావతి గుంత గట్టు మీద కూర్చొని ఉంది. కాళ్ళు లోపల. వీపు నిటారుగా, పెద్దవాళ్ళ వీపులా. రెండు చేతులూ ముందుకు చాచి, గాలిలో ఏదో అందుకొని, ఏదో విసురుతోంది. ఆమె చెయ్యి విసిరినప్పుడల్లా...

టక్.

ముంజేతి ఎర్రపోగు వదులుగా వేలాడటం లేదు. అచ్చు దాకా సాగి ఉంది. బిగుసుకొని ఉంది. తాను పొద్దున కట్టింది బెత్తెడు పోగు మాత్రమే.

"నీలా... ఈడికి రా తల్లీ," అంది గుసగుసగా. ఎందుకు గుసగుసలాడిందో ఆమెకే తెలియదు.

పిల్ల తల తిప్పలేదు. గొంతు మాత్రం పిల్లదే.

"రానీడు అమ్మా."

"ఎవరు?"

"కింద ఉండాడు... నా కాళ్ళ మీద కాళ్ళు పెట్టి తొక్కిస్తాండాడు."

పుల్ల వేలిని కాల్చి ఆరిపోయింది.

చీకట్లో యల్లక్క ముందుకు పడింది. పిల్ల నడుము దొరికింది. లాగింది. ఊబిలో దిగిన గొర్రెను లాగినట్టు, బలమంతా కూడదీసి లాగింది. పిల్ల కదల్లేదు. చెయ్యి కిందికి జార్చి మోకాళ్ళు తడిమింది. పిక్కలు తడిమింది. ఇంకా కిందికి... చల్లటి, గరుకైన మడమ చేతికి తగిలింది. పెద్దవాళ్ళ మడమ.

ఆమె కేక వీధి చివరి దాకా వినబడింది.

లాంతరుతో వచ్చింది పక్కింటి శ్యామలమ్మ. ఆ వీధిలో అందరికంటే పాత నేతమనిషి. వెలుగు పడగానే చప్పుడు ఆగింది. గుంతలో పిల్ల కాళ్ళు తప్ప ఏమీ లేవు. కానీ పోగు బిగువు సడలలేదు. ముసలామె కళ్ళు పిల్ల ముంజేతి మీద ఆగాయి.

"ఎవురు కట్టినారు దీన్ని?"

"నేనేవ్వా... మా ఆచారం..."

"అయ్యో పాపా! ఎంత పని చేస్తివే!" ముసలామె లాంతరును పోగు దగ్గరికి దించింది. "పడుగు అయిపోయినా మేము అచ్చులో కొసలు ఇడుస్తాం. వచ్చే పడుగు పోగుల్ని ఆ కొసలకే అతుకుతాం. కొసకు ఏది అతికితే మగ్గం దాన్నే నేస్తాది. చంద్రప్ప చీర సగంలో ఉండంగానే, ఈ గుంతలోనే కూచోని పోయినాడు. కాళ్ళు బిగుసుకొని, మనిషిని పైకి తీసేదానికి ఒక పూట పట్టింది. కొడుకులు చీరను కోసుకొని పోయినారు గానీ, ఆ కొసల్ని ముట్టేదానికి ఎవురికీ ధైర్యం రాలేదు."

"కోసేస్తా. కత్తెర ఉండాది."

"కోయొద్దు! ఈసారి కోస్తే తెగేది పోగు కాదు." ముసలామె కూర్చొని లాంతరును గట్టు మీద పెట్టింది. "ముడి ఇప్పు. నువ్వు కట్టినావు, నువ్వే ఇప్పల్ల."

యల్లక్క వేళ్ళు ముడిని వెతికాయి. పట్టుముడి తడిసి గట్టిపడింది. గోళ్ళు విరిగాయి. పళ్ళతో పట్టింది. నాలుకకు ఉప్పగా తగిలింది. లాంతరు కిందినుంచి ఎవరో ఊదినట్టు వత్తి ఊగుతోంది... కుంగుతోంది... మళ్ళీ లేస్తోంది.

ముడి వదిలింది.

పోగు పాములా జారి గుంతలోకి పోయింది. నీలావతి తల్లి ఒళ్ళో కూలబడి, ఏమీ తెలియనట్టు ఆవలించి, "ఆకలవుతాంది," అంది.

ఆ రాత్రి వాళ్ళు శ్యామలమ్మ అరుగు మీద పడుకున్నారు. ఆలస్యంగా వచ్చిన నల్లప్ప అంతా విని, పిల్ల కాళ్ళను తన ఒళ్ళో పెట్టుకొని, తెల్లవారేదాకా ఒత్తుతూ కూర్చున్నాడు.

తెల్లవారాక ఖాదర్‌వలిని పిలిపించి, "అమ్మిపెట్టు," అన్నాడు.

"అదృష్టమంటే నీదే అన్నా!" ఖాదర్‌వలికి కారణం తెలియదు. "అనంతపురం సేటు ఒకడు ఈ వీధిలోనే ఇల్లు కావల్లని తిరుగుతాండాడు. నువ్వు పెట్టినదానికి ఒకటిన్నర రెట్లు ఇస్తాడు. ఊరు పెరగతాందన్నా. ఒకటే మాట, లోపలి గుంత పూడ్చి, ఆ పోగులూ గీగులూ పీకేసి ఇయ్యల్ల. గోడౌను చేసుకుంటాడంట."

నల్లప్ప ముఖంలోకి రక్తం వచ్చింది. ఒకటిన్నర రెట్లు అంటే పోయిన మంద, దాని మీద ఇంకో సగం మంద. ఊరికి తిరిగి పోవచ్చు. నీలను బడికి పంపవచ్చు. "పీకేస్తాం. ఇప్పుడే పీకేస్తాం," అని లేచాడు.

"నేను చూసొస్తా ఉండు," అంది యల్లక్క.

పగటివెలుగులో గది మామూలు గదిలాగే ఉంది. కిటికీలోంచి వీధి కనబడుతోంది. నీలావతి శ్యామలమ్మ మనుమరాలితో కుంటుడుబిళ్ళ ఆడుతోంది. యల్లక్క గుంత మీదికి వంగింది.

అచ్చు ముందు ఎర్ర పోగులకు జానెడు బట్ట నేసి ఉంది. నిన్న లేదు. పడుగు ఎర్రటి పట్టే. అడ్డంగా పోయిన పేక మాత్రం పట్టు కాదు. సన్నగా, నల్లగా మెరుస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నిన్న మధ్యాహ్నం తాను కూతురి తలకు పట్టించిన ఆముదం వాసన.

బట్ట కొసన ఒక్క వెంట్రుక నేతలో చేరకుండా మిగిలి, గుంత అడుగు మట్టిలోకి దిగిపోయి ఉంది. అది ఎంత దూరం పోయిందో చూద్దామని, రెండు వేళ్ళతో పట్టి, మెల్లగా, చాలా మెల్లగా లాగింది.

కిటికీ అవతల, కుంటుతున్న నీలావతి ఆగి, జడ పట్టుకొని ఎవరో లాగినట్టు తల వెనక్కి వాల్చింది.

"ఏమ్మే, పీకేద్దామా?" గడపలో నిలబడిన నల్లప్ప చేతిలో పార ఉంది.

"అమ్మం," అంది యల్లక్క. "ఈ ఇల్లు అమ్మం. ఈ గదిలోకి ఎవురూ రాగూడదు."

వెంట్రుకను ఆమె అప్పటికే వదిలేసింది. రెండు చేతులూ వెనక్కి తీసుకొని గుండెకు అదుముకుంది. కిటికీలోంచి కూతురినే చూస్తూ నిలబడింది.

పిల్ల మళ్ళీ కాలెత్తి ఒక గడి కుంటింది.

తల మరోసారి వెనక్కి వాలింది.