పుర్రె చెవిలో ఊరు

అది అసురసంధ్య వేళ...

ఆషాఢ అమావాస్య. ఈసీ వాగు మీద కారుమబ్బులు కమ్ముకొని, పడమటి ఆకాశం గడ్డకట్టిన నెత్తురులా నల్లబడింది. ఫెళఫెళమని ఉరుము! పాత గడీ గోడ మీద గుడ్లగూబ ఒకటి మెడ తిప్పి, కిందనున్న మూడు వందల మందిని నిశ్చలంగా చూస్తోంది. అంతమందిలో ఒక్కరూ దగ్గడం లేదు. కనకమామిడి జనం ఆరేళ్ళుగా దగ్గడానికి కూడా భయపడుతున్నారు.

ముగ్గు నడుమ, పసుపు పూసిన పీట మీద కృష్ణమ్మ కూర్చుంది. విరబోసిన కేశాలు... నొసట దట్టంగా కుంకుమ... మెడలో వేపమండలు. ఎదురుగా నల్లని కపాలం. దాని వెనక మాంత్రికుడు తిప్పన్న.

మరికాసేపట్లో ఆమెకు పూనకం రావాలి. ఊరికి కీడు చేస్తున్నవారి పేరు చెప్పాలి. ఆ పేరు ఈసారి ఆమె కన్నకూతురిది!

పొద్దున్నే పిలిపించి చెప్పాడు తిప్పన్న.

“నీ బిడ్డ మైసమ్మ ఉన్నదే, అది బావి కాడ అడిగిందంట, పుర్రెకు అన్నీ ఎట్ల తెలుస్తున్నయని. గిట్ల అడిగెటోళ్ళు ఊళ్ళె ఉండొద్దు. ఇయ్యాల దాని పేరు చెప్పు.”

“సామీ, పదహారేండ్లు గూడ నిండలే... నీ కాళ్ళు మొక్కుత!”

“అంతమ్మ పేరు చెప్పినప్పుడు గింత బాధ కాలే గదనే నీకు?”

కృష్ణమ్మ అతని కాళ్ళు వదిలేసి లేచింది.

ఆరేళ్ళ కిందట, పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో, ఊళ్ళోకి గత్తర, అంటే కలరా, వచ్చింది. పొద్దున వాంతులు, సాయంత్రానికి శవం! కృష్ణమ్మ మొగుడు మూడో రోజే పోయాడు. అప్పుడే ఎక్కడి నుంచో తిప్పన్న వచ్చాడు, సంచిలో కపాలంతో. ఊరి చుట్టూ మేక నెత్తురుతో గీత గీశాడు. వారంలో గత్తర తగ్గింది. జనం సాష్టాంగపడ్డారు. మంత్రసాని అంతమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. “నీళ్ళు మసలబెట్టి తాగిన్రు, తగ్గింది. గీతతోని తగ్గుతదా?” అంది నలుగురిలో.

మర్నాడే తిప్పన్న కృష్ణమ్మ గుమ్మంలోకి వచ్చాడు. “గత్తర ఊకెనే రాలే. ఎవరో బాణామతి చేసిన్రు. అది అంతమ్మనే అని శక్తి నీ నోటితోని పలకాలె. పలికితివా, నీ బిడ్డకు నేను అడ్డం ఉంట. లేకుంటే... నీ ఇష్టం.”

అంతమ్మ ఏ పాపమూ ఎరుగదని కృష్ణమ్మకు తెలుసు. మైసమ్మకు బొడ్డు కోసింది ఆ చేతులే. అయినా ఊగింది. జుట్టు విరబోసుకొని అరిచింది. “అంతమ్మా!” అంది. నిన్నటి దాకా ఆ ముసలిదాన్ని అవ్వా అని పిలిచినవాళ్ళే పళ్ళు రాలగొట్టి ఊరి బయట చేలో పడేశారు. కృష్ణమ్మ ఇంటి దాకా వినబడేలా రెండు రోజులు మూలిగి ప్రాణం విడిచింది. కృష్ణమ్మ నీళ్ళ చెంబుతో గడప దాకా వచ్చి, ఎదురింటివాళ్ళు చూస్తున్నారని వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత తిప్పన్నకు ఎక్కువ శ్రమ పడాల్సిన పని లేకపోయింది. ప్రతి అమావాస్యకూ ఇంటికొకరు వచ్చి, ఎవరు ఏమన్నారో కపాలం చెవి తొర్రలో ఊదాలన్నాడు. ఊదని ఇంటి మీదే అనుమానం! మొదట గిట్టనివాళ్ళ మాటలు ఊదారు. తర్వాత పొరుగువాళ్ళవి. ఆఖరికి తోడబుట్టినవాళ్ళవి. ఊరి పెత్తందారైన పటేలు కోటలాంటి తన గడీనే తిప్పన్నకు ఇచ్చేశాడు. తనకు ఎదురు తిరిగినవాళ్ళ పేర్లు పూనకంలో వచ్చేలా చూసుకున్నాడు. ఏడు కుటుంబాలు ఊరొదిలాయి. అంతమ్మ తర్వాత మరో ఇద్దరు చచ్చారు. ప్రతి పేరూ కృష్ణమ్మ నోటి నుంచే వచ్చింది. ప్రతిసారీ ఇంటికొచ్చి, నిద్రపోతున్న బిడ్డను చూసి, దీని కోసమేగా అనుకొని అన్నం తిన్నది.

“పలుకవే శక్తీ!” తిప్పన్న గర్జించాడు.

కపాలపు కంటిగుంతల్లో ఎర్రని కాంతి రగిలింది. జనం ముందు వరసలో మైసమ్మ, పెదవులు బిగబట్టి తల్లినే చూస్తోంది.

కృష్ణమ్మ లేచి నిలబడింది. మెడలోని మండలు తెంపి విసిరేసింది.

“నా మీదికి ఏ శక్తీ రాలే! ఎన్నడూ రాలే! అంతమ్మ ఏ బాణామతి చెయ్యలే. అబద్ధమాడి చంపించిన. ముగ్గుర్ని చంపించిన... నేనే, కృష్ణమ్మను!”

“నోర్ముయ్! నెత్తురు కక్కుకొని చస్తవ్!” తిప్పన్న అరిచాడు.

చెవిలో ఊదిన మాటలు తిని బలిసిన ఆ కపాలం మీద, పదిమందిలో గొంతెత్తి చెప్పిన నిజం పిడుగులా పడింది. దాని దవడ కిర్రున కదిలింది... లోపలి నుంచి ఒక గుసగుస!

“సామీ, మా తమ్ముడు నర్సింహులు నిన్ను తిట్టిండు...”

అది సంగయ్య గొంతు! జనంలో నర్సింహులు ఉలిక్కిపడి అన్న వైపు తిరిగాడు. వెంటనే మరో గొంతు... పది... వంద! ఆరేళ్ళ చాడీలన్నీ, ఎవరి గొంతుతో వాళ్ళవి, ఉరుమును మించి మోగాయి!

తిప్పన్న రెండు చేతులతో కపాలం నోరు మూశాడు. ఆ ఘోష అతని వేళ్ళ సందుల్లోంచి నరాల్లోకి పాకింది. “రండిరా! వచ్చి పట్టుండ్రి! పటేలా!” అని ఆక్రోశించాడు. ఎవరూ కదల్లేదు. కదలకుండా ఉండడం ఆరేళ్ళుగా అతనే నేర్పాడు. భళ్ళుమని కపాలం పగిలింది! చెవుల్లోంచి నల్లని నెత్తురు కారుతుండగా తిప్పన్న వెల్లకిలా కూలి, మళ్ళీ లేవలేదు.

వాన మొదలైంది. ఒకరి ముఖం ఒకరు చూడలేక, జనం తలలు వంచుకొని తడుస్తూ నిలబడ్డారు.

ఇంటి దారిలో మైసమ్మ అడిగింది. “అమ్మా, అంతా నా కోసమే చేసినవా?”

“నీ పేరు చెప్పుకొని చేసిన బిడ్డా.”

తెల్లారేసరికి వాకిట్లో పటేలు, వెనక ఇరవై మంది చేతులు జోడించి. “అసలు శక్తి నీదే కృష్ణమ్మా! ఊరికి ఒక దిక్కుండాలె. ఇగ తిప్పన్న జాగల నువ్వే కూసో.”

కృష్ణమ్మకు కపాలం మాట్లాడినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

“నేను కూసోను పటేలా. ఎవర్నీ కూసోనియ్య.”

ఆ పూటే కాలినడకన చేవెళ్ళ వెళ్ళింది. అంతమ్మ చెల్లెలు సక్కుబాయి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కృష్ణమ్మ తన పేరు చెప్పింది, చేసిన పని చెప్పింది, మోకాళ్ళ మీద కూలబడింది.

సక్కుబాయి చేట కింద పెట్టింది.

“మన్నియ్యుమని అడగకు, నాతోని కాదు. మా అక్క ఆ రెండు దినాలు ఎట్ల గడిపిందో ఇప్పటిదాంక మాకెవ్వరూ చెప్పలే. చెప్పు.”

కృష్ణమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క ముక్క దాచలేదు.