రెండు చర్చిల మధ్య చంద్రరావు

“ముగ్గురు సాక్షులు పోయారు. చంద్రరావు నాలుగోవాడు,” ఫోన్లో చీఫ్ అన్నాడు. “వీలైతే ఆపండి. బ్యాకప్ మాత్రం అడగొద్దు, లేదు.”

ఏజెంట్ ఏసుపాదం ఫోన్ జేబులో పడేశాడు. ఆ ముగ్గురికీ కాపలా కాసింది తనే. ముగ్గురినీ పోగొట్టుకున్నదీ తనే.

కాకినాడ జగన్నాథపురంలో ఎండ మాడు పగలగొడుతోంది. దొరల కాలంనాటి బాప్టిస్టు చర్చి ముందు హెరిటేజ్ వాక్‌కి వచ్చిన జనం టోపీలు సర్దుకుంటున్నారు. వాళ్లలో ఒకడు చంద్రరావు, పోర్టు ఇంజనీరు. సముద్రం అడుగున నేవీ అమర్చిన సెన్సార్ల మ్యాప్ కొంటున్న విదేశీ ముఠాలో ఎవరెవరున్నారో అతనొక్కడికే తెలుసు. నడక ముగిసే కాథలిక్ చర్చిలో ‘పులస దొరుకుతుందా?’ అని కోడ్ చెప్పినవాళ్లకే పేర్లు చెబుతానన్నాడు.

గొడుగు వేసుకున్న ఏసుపాదం పక్కన సిల్కు చీర, నల్ల కళ్లద్దాలతో మెర్సీ. ఏళ్ల తరబడి పార్ట్‌నర్. ఈపూట భార్య వేషం. చేతిలో సెల్ఫీ స్టిక్, దాని పిడిలో పిస్టల్.

“ఆ మొహం ఏంటండీ? పెళ్లాంతో షికారొచ్చిన మొగుడిలా ఉండాలి.”

“ఉన్నాను కదా. చీరల కొట్టు ముందు మొగుడిలా.”

మెర్సీ నవ్వింది.

గుంపు కదిలింది. ఉప్పుటేరు గాలి ఎండుచేపల వాసన మోసుకొస్తోంది. చంద్రరావు దారిలో ఆగి ముంజలు కొనుక్కుని తింటుంటే ఏసుపాదం ముంజలవాడి కత్తినే చూస్తూ నిలబడ్డాడు. ఏమీ కాలేదు. కాలేదంటే, ముందింకా ఉందన్నమాట.

కాథలిక్ చర్చి మెట్ల దగ్గర అందరూ చెప్పులు విడిచారు. తెల్ల అంగీలో విదేశీ ఫాదర్ ఒకాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. లోపల కూర్చున్న ముసలావిడ అడిగింది:

“పూజ ఎన్నింటికండీ ఫాదర్?”

“ఆరాధన అయిదింటికమ్మా.” ఫాదర్, బల్ల పక్కన నిలబడ్డ చంద్రరావు వైపు తిరిగాడు. “తల వంచండి, దీవిస్తాను.”

ఆరాధన!

ఏసుపాదం పుట్టింది కాథలిక్కుల ఇంట్లో. ఏ ఫాదరైనా పూజ అనే అంటాడు. ఆరాధన అవతలి చర్చి మాట. వీడికి తెలుగు నేర్పినవాళ్లెవరో బాప్టిస్టులు.

మెర్సీ బాప్టిస్టు.

చంద్రరావు నెత్తి మీదికి దిగుతున్న చేతిని ఏసుపాదం గొడుగుతో బలంగా కొట్టాడు. ఉంగరంలోంచి పొడుచుకొచ్చిన విషపు సూది బల్ల చెక్కలో దిగి విరిగింది. మరో దెబ్బకి దొంగ ఫాదర్ కూలబడ్డాడు. మెర్సీ సెల్ఫీ స్టిక్ ఎత్తేలోపే ఏసుపాదం తుపాకీ ఆమె కళ్లద్దాలకి ఎదురుగా ఉంది.

“వీడికి తెలుగు చెప్పేముందు నన్నొక్క మాట అడగాల్సింది, మెర్సీ.”

“అడిగితే చెప్పేవారే.” ఆమె స్టిక్ కింద పెట్టింది. “ఆ ముగ్గురూ ఎక్కడున్నారో అడిగినప్పుడూ చెప్పారుగా.”

ఏసుపాదం ఆ స్టిక్‌ని కాలితో దూరంగా తన్నాడు. బల్ల వెనక నక్కిన చంద్రరావు వైపు తిరిగాడు.

“పులస దొరుకుతుందా అండీ?”

“పులసా లేదు, బొమ్మిడాయిలూ లేవు! మీలో ఎవరు ఎవరో మీకే తెలీదు. నన్నొదిలెయ్యండి బాబూ!”

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు. ముఠా పేర్లూ అతనితోపాటే వెళ్లిపోయాయి.

ఫోన్ మోగింది. చీఫ్. “బతికించారటగా! శభాష్! మీకూ మెర్సీకీ మెడల్స్ రాస్తున్నాను.”

“రెండూ ఇక్కడున్న ముసలావిడకి ఇప్పించండి సార్,” అన్నాడు ఏసుపాదం. “పాపం, పూజ ఎన్నింటికో ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పలేదు.”